ఇల్లు చేతులు మారాక వచ్చే రెండో బిల్లు: కాలిఫోర్నియాలో ఆస్తి పన్ను పునర్మదింపు

(బే ఏరియా తెలుగువారి కోసం ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగం, ప్రశ్నోత్తరాలతో)

నమస్కారమండీ. ఇవాళ కాలిఫోర్నియా ఆస్తి పన్ను గురించే మాట్లాడతాను. డాలస్‌లో ఉన్న బావగారు చెప్పిన సలహా ఇక్కడ పనికిరాదని ముందే మనవి చేస్తున్నాను. టెక్సస్‌లో ఏటా జనవరి 1 నాటి మార్కెట్ ధర చూసి విలువ కడతారు. సొంత నివాసమైతే ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా కట్టడి ఉంటుంది, అంతే. ఇక్కడి పద్ధతి పూర్తిగా వేరు. మార్కెట్ ఎంత పెరిగినా దానంతటది మీ పన్ను పెంచదు. ఏదో ఒకటి జరగాలి: ఇల్లు చేతులు మారాలి, లేదా కొత్తగా ఏదైనా కట్టాలి. అప్పుడే అసెసర్ (ఆస్తుల విలువ కట్టే కౌంటీ అధికారి) మీ ఫైలు తెరుస్తాడు. ఏది జరిగితే ఫైలు ఎంతవరకు తెరుచుకుంటుందో తెలిస్తే సగం తలనొప్పి తప్పుతుంది.

1978 జూన్‌లో ఓటర్లు ఆమోదించిన ప్రాప్ 13 (ప్రాపొజిషన్ 13, అంటే నేరుగా ఓటర్ల ముందుకు వెళ్లిన ప్రతిపాదన) దీనికంతటికీ మూలం. ఇల్లు కొన్న రోజు మార్కెట్ ధర ఎంతో అదే మీ బేస్ ఇయర్ వాల్యూ. ద్రవ్యోల్బణాన్ని బట్టి ఏడాదికి గరిష్ఠంగా 2 శాతం దాకా అది పెరుగుతుంది. అసలు పన్ను రేటు 1 శాతం. దాని మీద స్కూళ్లకూ నీటి బోర్డులకూ ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల అప్పు కలుస్తుంది కాబట్టి చాలాచోట్ల 1.1 నుంచి 1.25 దాకా తేలుతుంది. అందుకే ఫ్రీమాంట్‌లో ఒకే వీధిలో, ఒకే నమూనాలో కట్టిన రెండిళ్లలో ఒకరు 5 వేలు కడితే పక్కవాళ్లు 20 వేలు కడుతుంటారు. ఇది న్యాయమా అంటే వేరే సభ పెట్టుకుని వాదించుకోవచ్చు. చట్టం మాత్రం అదే.

ఇల్లు కొన్నాక, పాత విలువకూ కొత్త విలువకూ ఉన్న తేడా మీద విడిగా వచ్చే సప్లిమెంటల్ బిల్లు దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు కాబట్టి దాని మీద కాసేపు ఉంటాను. 1983కి ముందు ఇల్లు అమ్ముడైతే కొత్త విలువ తర్వాతి మదింపు తేదీ నుంచే అమల్లోకి వచ్చేది. ఆ ఏడాది చట్టం మార్చి, చేతులు మారిన మరుసటి నెల 1వ తేదీ నుంచే కొత్త విలువ మీద పన్ను వసూలు చేయడం మొదలుపెట్టారు. పన్ను సంవత్సరం జులై 1 నుంచి జూన్ 30 దాకా. ఏ నెల నుంచి అమల్లోకి వస్తే ఆ సంవత్సరంలో మిగిలిన నెలలకు ఒక గుణకం ఉంటుంది: జులై 1 అయితే 1.00, అక్టోబర్ 1 అయితే 0.75, జనవరి 1 అయితే 0.50, ఏప్రిల్ 1 అయితే 0.25, జూన్ 1 అయితే 0.08.

లెక్క చేసి చూద్దాం. అమ్మినాయన మదింపు విలువ 4 లక్షల డాలర్లు. మీరు 14 లక్షలకు కొన్నారు. క్లోజింగ్, అంటే ఇల్లు మీ పేరున మారడం, మార్చి 15న అయింది, రేటు 1.2 శాతం అనుకోండి. అమలు తేదీ ఏప్రిల్ 1. తేడా 10 లక్షలు, దాని మీద ఏడాది పన్ను 12,000. దాన్ని 0.25తో గుణిస్తే 3,000. ఇది మొదటి సప్లిమెంటల్ బిల్లు. అక్కడితో అయిపోలేదు. వచ్చే సంవత్సరం పన్ను జాబితా జనవరి 1 నాటి పరిస్థితిని బట్టి తయారవుతుంది, జనవరి 1న ఇల్లు ఇంకా పాతాయనదే. అందువల్ల అక్టోబర్‌లో వచ్చే మామూలు బిల్లు పాత 4 లక్షలకు 2 శాతం కలిపి 4,08,000 మీద వస్తుంది, అంటే 4,896. మిగిలిన 9,92,000 మీద 11,904 డాలర్లకు రెండో సప్లిమెంటల్ బిల్లు వస్తుంది. రెండూ కూడండి, 16,800. సరిగ్గా 14 లక్షలకు 1.2 శాతం. కౌంటీ ఒక్క డాలరు కూడా ఎక్కువ తీసుకోలేదు, మూడు కాగితాలుగా విడగొట్టింది, అంతే.

జనవరి 1 నుంచి మే 31 లోపు క్లోజింగ్ అయితే ఇలా రెండు సప్లిమెంటల్ బిల్లులు వస్తాయి. జూన్ 1 నుంచి డిసెంబర్ 31 మధ్య అయితే ఒక్కటే.

మరి బ్యాంకు కట్టదా అంటారు. నెలనెలా మార్ట్‌గేజ్‌తో పాటు ఇంపౌండ్ ఖాతాకు పన్ను డబ్బు కడుతున్నాం కదా అంటారు. మామూలు బిల్లు వివరాలు బ్యాంకుకు అందుతాయి. సప్లిమెంటల్ బిల్లు మాత్రం నేరుగా ఓనరు పేరున, ఓనరు చిరునామాకు వస్తుంది. చాలా బ్యాంకులు దాన్ని మా బాధ్యత కాదంటాయి. కొన్ని మీరు బిల్లు పంపిస్తే కడతాయి, కానీ తర్వాత ఆ లోటు మీ నెల వాయిదాలోనే కలుపుతాయి. కాబట్టి బిల్లు చేతికి రాగానే బ్యాంకుకు ఫోన్ చేసి, కడతారా లేదా అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. పై ఉదాహరణలో ఇంపౌండ్‌కు బయట పడ్డ సొమ్ము 14,904 డాలర్లు. ఇల్లు కొన్నప్పుడే ఈ మొత్తం పక్కన పెట్టుకుంటే ఆ కవరు చూసి గుండె జారదు.

బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. మౌంటెన్ హౌస్, డబ్లిన్ లాంటి చోట్ల మొదటి బిల్లు ఒక్కోసారి ఖాళీ స్థలం విలువ మీదే వస్తుంది. బ్యాంకు ఆ చిన్న బిల్లు చూసి ఇంపౌండ్ లెక్క కడితే, ఏడాది తిరిగేసరికి భారీ లోటు తేలుతుంది, నెల వాయిదా ఒక్కసారిగా ఎగబాకుతుంది. పన్ను కొన్న ధర మీద లెక్కగట్టమని లోన్ ఆఫీసర్‌కి క్లోజింగ్‌కు ముందే చెప్పండి. కొత్త కాలనీల్లో రోడ్లు, స్కూళ్లలాంటి సదుపాయాల కోసం వేసే మెల్లో-రూస్ రుసుము సంగతి వేరు. అది ఇంటి విలువ మీద వేసేది కాదు కాబట్టి సప్లిమెంటల్ లెక్కలోకి రాదు, మామూలు బిల్లులో ఉంటుంది.

గడువులు. మామూలు బిల్లు మొదటి వాయిదా డిసెంబర్ 10 లోపు, రెండోది ఏప్రిల్ 10 లోపు కట్టాలి. సప్లిమెంటల్ బిల్లు జులై నుంచి అక్టోబర్ మధ్య పోస్టయితే దానికీ అవే తేదీలు. నవంబర్ నుంచి జూన్ మధ్య పోస్టయితే మొదటి వాయిదా మరుసటి నెల ఆఖరి రోజుకు, రెండోది దాని తర్వాత నాలుగో నెల ఆఖరి రోజుకు. దాటితే 10 శాతం జరిమానా. బిల్లు అందలేదన్నది సాకుగా చెల్లదు.

ఇక కాగితాలు. డీడ్ (యాజమాన్య బదిలీ పత్రం) రికార్డు చేసేటప్పుడే ప్రిలిమినరీ ఛేంజ్ ఆఫ్ ఓనర్‌షిప్ రిపోర్ట్ అనే ఫారం ఇవ్వాలి. మామూలు కొనుగోలులో ఎస్క్రో వాళ్లే (కొనుగోలు కాగితాలు, డబ్బు చూసే మధ్యవర్తి సంస్థ) సంతకానికి పెడతారు. ఇంట్లోవాళ్ల మధ్య డీడ్ మీరే రాసుకుని కౌంటీకి పట్టుకెళ్లినప్పుడే దీన్ని మర్చిపోతుంటారు. ఇవ్వకపోతే అప్పటికప్పుడు 20 డాలర్లు అదనం. అదేమంత కాదు. కానీ తర్వాత అసెసర్ ఛేంజ్ ఆఫ్ ఓనర్‌షిప్ స్టేట్‌మెంట్ పంపమని ఉత్తరం రాస్తాడు. దానికి 90 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే 100 డాలర్లు లేదా కొత్త పన్నులో 10 శాతం, ఏది ఎక్కువైతే అది జరిమానా. సొంత నివాసానికి గరిష్ఠంగా 5,000, మిగతా ఆస్తులకు 20,000. కావాలని దాచిపెట్టారని తేలితే ఆ గరిష్ఠం కూడా వర్తించదు. ఆ ఫారంలో మీకు వర్తించే మినహాయింపు గడి టిక్కు పెట్టడం ముఖ్యం. అది ఖాళీగా వదిలేస్తే అసెసర్ మామూలు అమ్మకంగానే లెక్కేస్తాడు.

సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌ఓనర్స్ ఎగ్జెంప్షన్ పెట్టుకోవాలి. మదింపు విలువలో 7,000 తగ్గుతుంది, అంటే ఏడాదికి సుమారు 70 డాలర్లు. చిన్న సొమ్మే కదా అని వదిలేయకండి. తర్వాత చెప్పే ప్రాప్ 19 హక్కులు ఈ కాగితంతో ముడిపడి ఉన్నాయి. ఫారం ఉచితం. ఇల్లు కొన్న కొత్తలో ప్రభుత్వ ముద్రలాంటిది వేసుకుని, డబ్బు పంపితే ఫారం దాఖలు చేస్తామనో డీడ్ కాపీ ఇస్తామనో ఉత్తరాలు వస్తాయి. చింపి పారేయండి.

ఏది యాజమాన్య మార్పు, ఏది కాదు? రీఫైనాన్స్ కాదు. భార్యాభర్తల మధ్య బదిలీ కాదు, విడాకుల్లో జరిగినా సరే. సొంత రివోకబుల్ లివింగ్ ట్రస్టులోకి (బతికుండగా ఎప్పుడైనా రద్దు చేసుకోగల ట్రస్టు) ఇల్లు మార్చడం కాదు. ఇంతవరకు అందరికీ తెలుసు. మనవాళ్లు ఇరుక్కునేది అన్నదమ్ముల దగ్గర. ఇద్దరు అన్నదమ్ములు చెరిసగం పెట్టి ఇల్లు కొన్నారు. ఆరేళ్లకు తమ్ముడు వేరే ఇల్లు కొనుక్కుని తన సగం అన్నకు రాసిచ్చేశాడు. డబ్బు చేతులు మారకపోయినా ఆ సగం ఆ రోజు మార్కెట్ ధరకు పునర్మదింపు అవుతుంది. తోబుట్టువుల మధ్య బదిలీకి మినహాయింపు లేదు. బహుమతిగా ఇచ్చాను అంటే గిఫ్ట్ ట్యాక్స్ సంగతి వేరు, ఆస్తి పన్నుకు అమ్మకమైనా బహుమతైనా ఒకటే. లోన్ కోసం అన్నయ్య పేరు టైటిల్‌లో (యాజమాన్య రికార్డులో) పెట్టి తర్వాత తీసేద్దామనుకునేవాళ్లు, ఆ పేరు టైటిల్‌లో అసలు అవసరమా, లోన్ కాగితాల్లో ఉంటే సరిపోతుందా అని పెట్టేముందే అడగండి.

పిల్లల పేరు జాయింట్ టెనెంట్‌గా (ఒకరు పోతే వాళ్ల వాటా మిగిలినవాళ్లకు వెళ్లే ఉమ్మడి యజమానిగా) కలిపి తల్లిదండ్రులు కూడా టైటిల్‌లోనే ఉంటే అప్పటికి పునర్మదింపు ఉండదు. తల్లిదండ్రుల పేర్లు తీసేసిన రోజున ఉంటుంది.

అద్దెకిచ్చిన ఇంటిని ఎల్ఎల్‌సీలోకి (పరిమిత బాధ్యత కంపెనీలోకి) మార్చడం ఈ మధ్య బాగా పెరిగింది. టైటిల్‌లో ఎవరికి ఎంత వాటా ఉందో ఎల్ఎల్‌సీలోనూ సరిగ్గా అంతే ఉంటే మినహాయింపు దొరుకుతుంది. 50-50 ఉన్నది 60-40 అయిందంటే పోయినట్టే. మినహాయింపు దొరికాక కూడా ఒక ముడి మిగిలిపోతుంది: ఆ వాటాదారులు ఒరిజినల్ కో-ఓనర్లుగా నమోదవుతారు. ఆ తర్వాత ఎన్నేళ్లు పట్టినా, వాళ్ల వాటాల్లో మొత్తం కలిపి సగానికి మించి ఇతరుల చేతికి వెళితే ఇల్లంతా పునర్మదింపు అవుతుంది. ఈ మార్పుకు డీడ్ రికార్డు కాదు కాబట్టి కౌంటీకి తెలియదనుకోకండి. రాష్ట్ర బోర్డుకు 90 రోజుల్లో ప్రకటన ఇవ్వడం మీ బాధ్యత, ఇవ్వకపోతే 10 శాతం జరిమానా. పైగా ఎల్ఎల్‌సీ వాటాలు పిల్లలకు ఇస్తే తల్లిదండ్రులు-పిల్లల మినహాయింపు వర్తించదు.

ఆ మినహాయింపు దగ్గరికే వద్దాం. 2021 ఫిబ్రవరి 15 వరకు ఉన్న పాత నియమంలో తల్లిదండ్రుల సొంతిల్లు ఎంత విలువైనా, మిగతా ఆస్తి 10 లక్షల మదింపు విలువ దాకా, పాత పన్నుతోనే పిల్లలకు వచ్చేది. 2020 నవంబర్‌లో నెగ్గిన ప్రాప్ 19 దాన్ని బాగా కుదించింది. ఇప్పుడు అది తల్లిదండ్రుల సొంత నివాసమై ఉండాలి, పిల్లల్లో కనీసం ఒకరు ఏడాదిలోపు అందులో కాపురం పెట్టాలి, ఆ ఏడాదిలోపే హోమ్‌ఓనర్స్ ఎగ్జెంప్షన్ దాఖలు చేయాలి. అద్దె ఇళ్లకు ఇప్పుడు ఏ మినహాయింపూ లేదు. విలువకూ పరిమితి ఉంది: పాత మదింపు విలువకు 10,44,586 డాలర్లు కలిపితే వచ్చే మొత్తం. 2025 ఫిబ్రవరి 16 నుంచి 2027 ఫిబ్రవరి 15 దాకా జరిగే బదిలీలకు ఈ అంకె. రెండేళ్లకోసారి మారుస్తారు. పాత విలువ 4 లక్షలు, మార్కెట్ 18 లక్షలు అనుకోండి. పరిమితి 14,44,586. మార్కెట్ ధర దానికి 3,55,414 మించింది. ఆ మించింది మాత్రమే పాత విలువకు కలుస్తుంది, కొత్త విలువ 7,55,414.

ఇందులో తప్పు జరిగేది తేదీ దగ్గర. ట్రస్టులో ఉన్నా, ప్రొబేట్‌లో (చనిపోయినవారి ఆస్తిని కోర్టు ద్వారా పంచే ప్రక్రియలో) ఉన్నా, యాజమాన్యం మారేది మరణించిన తేదీనే. డీడ్ పిల్లల పేరున రికార్డైన రోజు నుంచి ఏడాది లెక్కపెట్టుకున్నవాళ్లు గడువు దాటేస్తున్నారు. ప్రొబేట్ నడుస్తున్నంతకాలం ఇల్లు ఖాళీగా పెట్టి, అది తేలాక చూద్దామనుకుంటే ఏడాది జారిపోతుంది. ముగ్గురు పిల్లలకు సమానంగా వచ్చిన ఇంట్లో ఒకరు ఉంటే చాలు, కానీ ఆ ఒకరు తర్వాత ఖాళీ చేస్తే, మరొక అర్హులైన వారసులు వచ్చి ఉండకపోతే, మినహాయింపు పోతుంది.

ఇదే ప్రాప్ 19లో 55 ఏళ్లు దాటినవాళ్లకు మంచి సదుపాయం ఉంది. సొంత నివాసం అమ్మి రెండేళ్లలోపు రాష్ట్రంలో ఏ కౌంటీలోనైనా ఇల్లు కొంటే పాత బేస్ వాల్యూ వెంట తీసుకెళ్లొచ్చు, జీవితకాలంలో మూడుసార్లు. అమ్మకానికి ముందే కొంటే కొత్త ఇల్లు పాతదాని ధరకు సమానంగా, అమ్మిన మొదటి ఏడాదిలో కొంటే 105 శాతం దాకా, రెండో ఏడాదిలో 110 శాతం దాకా ఉండొచ్చు. అంతకంటే ఖరీదైనది కొన్నా హక్కు మొత్తం పోదు, అదనపు విలువ పాత విలువకు కలుస్తుంది. పాత ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి ఈ సదుపాయం అడగడానికి లేదు.

ఇప్పుడు కట్టడం సంగతి. పెరట్లో ఏడీయూ (ఉన్న ఇంటికి తోడుగా అదే స్థలంలో కట్టే చిన్న ఇల్లు) కడితే ఇల్లంతా మళ్లీ విలువ కడతారని భయపడి ఆగిపోయినవాళ్లున్నారు. అది తప్పు. స్థలానికీ పాత ఇంటికీ వాటి విలువ వాటికే ఉంటుంది, కొత్తగా చేరిన దానికి మాత్రమే విలువ కట్టి కలుపుతారు. మదింపు 6 లక్షలుండి, ఏడీయూ వల్ల 2 లక్షల విలువ చేరితే మొత్తం 8 లక్షలు. రేటు 1.2 అయితే ఏడాదికి 2,400 అదనం. మార్కెట్లో మీ ఇల్లు 18 లక్షలు పలుకుతున్నా దానితో సంబంధం లేదు.

కప్పు మార్చడం, రంగులు, కిటికీలు, ఫ్లోరింగ్, పాత క్యాబినెట్ల స్థానంలో కొత్తవి, ఇవన్నీ నిర్వహణ కింద పోతాయి. గది చేర్చడం, గ్యారేజీని బెడ్‌రూమ్ చేయడం, కొత్త బాత్‌రూమ్, ఈతకొలను, ఇవి కొత్త నిర్మాణం. మధ్యలో ఉన్నది పెద్ద రీమోడలింగ్. ఇంటిని చెక్క చట్రం దాకా విప్పేసి, వైరింగ్, పైపులు, గోడలు అన్నీ కొత్తవి వేస్తే, అది కొత్త కట్టడంతో సమానమా అన్నది అసెసర్ చూసేది. ఒక గోడ నిలబెడితే చాలు అనే మాట సిటీ పర్మిట్ల దగ్గర ఎక్కడైనా పనికొస్తుందేమో, అసెసర్ దగ్గర పనికిరాదు. కూల్చేసిన భాగం విలువ తీసేయాలన్నది మాత్రం గుర్తుంచుకోండి. పాత భాగం కూల్చామని ప్రశ్నావళిలో రాయకపోతే అసెసర్‌కి తెలిసే దారి లేదు.

పర్మిట్ కాపీ సిటీ నుంచి అసెసర్‌కి వెళుతుంది. తర్వాత మీకు ప్రశ్నావళి వస్తుంది: ఎంత విస్తీర్ణం, ఎంత ఖర్చు, ఎప్పుడు పూర్తయింది. బుట్టలో పడేస్తే వాళ్లే ఒక అంచనా వేస్తారు, అది మీకు అనుకూలంగా ఉంటుందని ఆశపడొద్దు. కాంట్రాక్టు, బిల్లులు జతచేసి, మరమ్మతుకు ఎంత, కొత్తదానికి ఎంత అని విడదీసి రాయండి. వంటగది మార్పు, కొత్త గది ఒకే కాంట్రాక్టులో ఉంటే ఈ విభజనే మీకు డబ్బు మిగులుస్తుంది. పని జనవరి 1 నాటికి సగంలో ఉంటే ఆ సగం విలువ ఆ ఏడాది జాబితాలో చేరుతుంది. పూర్తయ్యాకే కొత్త భాగానికి స్థిరమైన బేస్ వాల్యూ, దాంతో పాటు సప్లిమెంటల్ బిల్లు.

ప్రశ్న: సోలార్ ప్యానెళ్లకు పన్ను పెరుగుతుందా?

మామూలు సోలార్ వ్యవస్థను కొత్త నిర్మాణంగా లెక్కించరు. ఆ మినహాయింపుకు చట్టంలో గడువు రాసి ఉంది, కాబట్టి పెట్టించే ముందు కౌంటీలో కనుక్కోండి. భూకంపాన్ని తట్టుకునేలా పునాది బలపరచడం, వికలాంగులకు వీలుగా చేసే మార్పులు, వాన నీటి సేకరణ వీటికీ మినహాయింపులున్నాయి, కానీ అడిగి ఫారం పెట్టుకోవాలి.

ప్రశ్న: పర్మిట్ లేకుండా గ్యారేజీ మార్చిన ఇల్లు కొన్నాం. మాకు పన్ను పడుతుందా?

మీరు కొన్న ధరలోనే ఆ గది విలువ ఉంది, కాబట్టి మీ బేస్ వాల్యూలో అది కలిసే ఉంటుంది. మీరే పర్మిట్ లేకుండా కట్టినా పన్ను తప్పదు. పర్మిట్‌కూ పన్నుకూ సంబంధం లేదు. తర్వాత బయటపడితే మామూలుగా వెనక్కి 4 ఏళ్ల దాకా ఒక్కసారిగా వేస్తారు.

ప్రశ్న: విలువ ఎక్కువ కట్టారనిపిస్తే?

సప్లిమెంటల్ నోటీసు పోస్టయిన తేదీ నుంచి 60 రోజుల్లో అప్పీలు వేయాలి. బిల్లు వచ్చేదాకా ఆగితే గడువు పోవచ్చు, ఎందుకంటే నోటీసు ముందొస్తుంది, బిల్లు తర్వాత. బహిరంగ మార్కెట్లో కొన్న ఇంటికి కొన్న ధరే సరైన విలువ అని చట్టం అనుకుంటుంది కాబట్టి అక్కడ గెలవడం కష్టం. అప్పీలుకు బలం ఉండేది వారసత్వంగా వచ్చిన ఇంటికి, తోబుట్టువు వాటాకు, ఏడీయూకు. అక్కడ విలువ అసెసర్ అంచనా మాత్రమే. పోల్చడానికి చూపే అమ్మకాలు విలువ కట్టిన తేదీ తర్వాత 90 రోజులకు మించినవి ఉండకూడదు. మార్కెట్ పడిపోయి మీ ఇంటి ధర మదింపు విలువ కన్నా తగ్గితే, అది వేరే అప్పీలు, జులై 2న మొదలవుతుంది. సాంటా క్లారా, అలమీడా కౌంటీల్లో సెప్టెంబర్ 15 వరకు, లాస్ ఏంజెలెస్‌లో నవంబర్ 30 వరకు. అప్పీలు నడుస్తున్నా బిల్లు కడుతూనే ఉండాలి. గెలిస్తే తిరిగిస్తారు.

ప్రశ్న: బిల్లు ఇంకా పాత ఓనరు పేరు మీదే వస్తోంది. కట్టాలా?

కట్టాలి. పన్ను ఆస్తిని పట్టుకుని ఉంటుంది, పేరును కాదు. కౌంటీ ట్యాక్స్ కలెక్టర్ వెబ్‌సైట్‌లో మీ పార్సిల్ నంబర్ కొట్టి చూడండి. మామూలు బిల్లు, సప్లిమెంటల్ బిల్లు వేర్వేరు వరుసల్లో కనిపిస్తాయి. ఒకటి కట్టాం కదా అని రెండోది చూడకుండా పేజీ మూసేయకండి. ఇల్లు కొన్న మొదటి ఏడాదిన్నర నెలకోసారి చూస్తే సరిపోతుంది.